గరిక మీద దిష్టిబొమ్మ

కొందరికి మనుషుల మీద పగ ఉంటుంది. నాకు ఒక మనిషి మీదా, ఒక నేల మీదా ఉండేది. అరవదేశంలో, గుడియాత్తం నుంచి పళ్ళికొండ వైపు వచ్చే దారిలో, వేరుశనగ చేల నడుమ, అర మైలుకు పైగా పొడవున్న గరిక నేల అది. ఒకప్పుడు దాని మీద విమానం దిగేది. ప్రభుత్వానిది కాదు, ఒకే ఒక్క మనిషిది. ఆ మనిషి మా నాయనను అవమానించాడు. దానికి బదులు తీర్చుకోవాలని నేను జుట్టు నెరిసేదాకా కాచుకున్నాను. తీర్చుకున్నాను కూడా. అది చివరికి ఎవరి మీద పడిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆయన్ను అందరూ ముదలాళి అనేవాళ్ళు. మా వైపు యజమానిని అలాగే పిలుస్తారు. పాలారు ఒడ్డున ఆయనకు తోళ్ళ కంపెనీ ఉండేది. సరుకు చూడ్డానికి వచ్చే విదేశీయులు మద్రాసులో దిగి, కారులో కుదుపులు తింటూ వచ్చి చిరాకు పడుతున్నారని ఒక చిన్న విమానం కొన్నాడు. విమానం కొన్నాక దిగడానికి చోటు కావాలి. గుడియాత్తం బయట ఆయన బంగళా చుట్టూ ఉన్న మెట్ట చేలన్నీ ఆయనవే. బంగళా కట్టింది మా నాయనే కనక ఈ పనీ నాయనకే అప్పగించాడు.

మాది తాతల కాలం నుంచీ ఇళ్ళు కట్టే కుటుంబం. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. నాయన అంతకు ముందు ఇళ్ళూ ప్రహరీలూ కట్టాడు గానీ, ఇలాంటి పని ఎప్పుడూ చూడలేదు. పట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఎలా ఉండాలో చెప్పి వెళ్ళిపోయాడు. చేల గట్లు కొట్టేశారు. రాళ్ళు ఏరి, కంకర పరిచి, మట్టి పోసి, ఎద్దుల చేత రాతి రోలరు లాగించారు. వాననీళ్ళు నిలవకుండా నడుమ కొంచెం ఎత్తు, రెండు పక్కలకూ వాలు పెట్టారు. తర్వాత ఆడకూలీలు వరి నాటినట్టు వంగి గరిక తీగలు నాటారు. అంచుల వెంట సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పెట్టారు. గాలి ఎటు వీస్తుందో విమానం నడిపేవాడికి తెలియడానికి ఒక స్తంభానికి గుడ్డ గొట్టం కట్టారు. కూలీలు దాన్ని చొక్కా చెయ్యి అనేవాళ్ళు.

ఆ పని చూసి కూలీలు నాయన దగ్గర వేళాకోళం చేసేవాళ్ళట. గోడ లేదు, కప్పు లేదు, ఇదేం కట్టడం మేస్త్రీ అని అడిగితే, "పండుకోనుండే గోడ అనుకోండప్పా. తూకం తప్పితే అదీ కూలిపోతాది" అన్నాడట నాయన. ఆయన ఆ నేలను నిజంగా గోడ లాగే చూసుకున్నాడు. రోజూ సాయంత్రం ఒక చివర బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, రెండో చివర దాకా చూపు పోతోందా లేదా అని చూసేవాడు.

తప్పు అక్కడి నుంచే వచ్చింది. మావాళ్ళు ఏ కట్టడం మొదలుపెట్టినా, అది పూర్తయ్యేదాకా దిష్టిబొమ్మ వేలాడదీస్తారు. పాత ప్యాంటూ చొక్కాలో గడ్డి కూరి, బూడిద గుమ్మడికాయకో కుండకో కళ్ళూ మీసాలూ గీసి తల పెడతారు. గృహప్రవేశం అయ్యాక గానీ దింపరు. నాయన లెక్కలో విమానం మొదటిసారి దిగడమే ఆ నేలకు గృహప్రవేశం. అందుకని నేల కొసన, సున్నపు రాళ్ళకు అవతల, ఒక కర్ర పాతి బొమ్మను నిలబెట్టాడు. అంతకు ముందు ఏదో పండక్కి ముదలాళి ఇంటి నుంచి మాకు పాత బట్టలు పంపించారు. అందులో ఒక తెల్ల చొక్కా ఉంది, పొడుగు చేతులది. అంత మంచి చొక్కా తను తొడుక్కోవడానికి నాయనకు మనసొప్పలేదు. ముదలాళి నేలకు కాపలా కనక ముదలాళి చొక్కాయే ఉండాలని బొమ్మకు తొడిగాడు. అది గౌరవం అనుకున్నాడు.

విమానం వచ్చే రోజు ఊరు ఊరంతా చేల గట్ల మీద నిలబడింది. అమ్మ వెంట నేనూ పోయాను. అప్పటికి నేను చిన్న తరగతుల్లో ఉన్నాను. విమానం కిందికి వచ్చింది, ఇంకా కిందికి వచ్చింది, గరిక అంతా ఒక పక్కకు వాలింది. అంతలో ఉరుముతూ పైకి లేచి వెళ్ళిపోయింది. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి, మళ్ళీ లేచిపోయింది. ఆ తర్వాత రాలేదు. నేల చివర ఎవడో చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు, ఎంత దగ్గరికి వచ్చినా జరగడం లేదు అని విమానం నడిపినవాడు చెప్పాడట. లోపల విదేశీ అతిథులు ఉన్నారు. వాళ్ళు మద్రాసు నుంచే తిరిగి వెళ్ళిపోయారు.

ముదలాళి సాయంత్రం కారులో వచ్చాడు. అరవలేదు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, చొక్కా కాలరు పట్టుకుని చూశాడు. అది తన చొక్కా అని గుర్తుపట్టాడు. తననే బొమ్మగా చేసి నిలబెట్టాడనుకున్నాడో ఏమో, నవ్వి, అందరికీ వినబడేలా అరవంలో అన్నాడు, నీకు బొమ్మ కావాలా మేస్త్రీ, రేపు నువ్వే నిలబడు అని.

మర్నాడు విమానం దిగేటప్పుడు ఆ కర్ర ఉన్నచోట మా నాయన నిలబడ్డాడు. బొమ్మలోంచి గడ్డి లాగేసి ఆ చొక్కా నాయనకు తొడిగించారు. చేతులు రెండు పక్కలకూ చాపమన్నారు. విమానం నడిపేవాడికి ముందే చెప్పి ఉంచినట్టున్నారు, ఈసారి విమానం చక్కగా దిగింది. నాయన వేసిన నేల మీద ఒక్క కుదుపు కూడా లేకుండా దిగింది. దిగినవాళ్ళకు దండలు వేశారు, అంతా కొబ్బరి నీళ్ళు తాగారు, కార్లెక్కి వెళ్ళిపోయారు. జనం కూడా వెళ్ళిపోయారు. నాయనను చేతులు దించమని ఎవరూ చెప్పలేదు.

నేను దగ్గరికి పోయి ఇంటికి పోదాం రమ్మన్నాను. నాయన నా వైపు చూడలేదు.

"ముదలాళి చెప్పలేదప్పా. చెప్పనీ."

పొద్దు గుంకేదాకా ఆయన అలాగే ఉన్నాడు. కాపలావాడు జాలిపడి ఇంక పో అన్నాక దించాడు. చేతులు దిగడం లేదని అమ్మ ఆముదం వెచ్చబెట్టి రుద్దింది. అంతకంటే నాకు మంట పుట్టించింది ఏమిటంటే, ఆ తర్వాత కూడా నాయన ముదలాళి దగ్గర పని మానలేదు. కంపెనీ గోడలకు సున్నం వేశాడు, బంగళాకు కొత్త వసారా కట్టాడు. దాని ఫలితం మాత్రం బడిలో నేను అనుభవించాను. ఊళ్ళో నాయనకు బొమ్మ మేస్త్రి అని పేరు పడింది. నేను తరగతిలోకి అడుగు పెట్టగానే పిల్లలు బల్లల మీదికెక్కి చేతులు చాపి నిలబడేవాళ్ళు. ఒకడి పన్ను రాలగొట్టాను. ఇక లాభం లేదని నన్ను చిత్తూరులో మేనత్త ఇంటికి పంపించారు. అక్కడ తెలుగు బడిలో వేశారు. మా ఇంట్లో తెలుగు రాయడం, చదవడం వచ్చింది నాకొక్కడికే. ఈ అక్షరాలు కూడా నాకు ఆ రోజు వల్లే వచ్చాయి.

ఆ నేల మీద విమానాలు ఎక్కువ కాలం దిగలేదు. తోళ్ళ కంపెనీకి కష్టాలు మొదలయ్యాయి. ముదలాళి విమానం అమ్మేశాడు, కొడుకులు వేరుపడ్డారు. కాపలావాడు కూడా పోయాక నేల ఊరి వాడకంలోకి వచ్చింది. గుడియాత్తం నేతగాళ్ళకు లుంగీల పడుగు సాచి గంజి పట్టించడానికి అంత పొడవుగా, తిన్నగా ఉన్న చోటు ఇంకెక్కడా దొరకదు. పొద్దున్నే రంగు రంగుల దారాలు ఆ కొస నుంచి ఈ కొసకు సాచి ఉండేవి. కారు నేర్చుకునేవాళ్ళు నేర్చుకున్నారు. గొర్రెలు గరికను ఎత్తుగా పెరగనివ్వలేదు. సున్నపు రాళ్ళను ఎవరెవరో ఎత్తుకుపోయి ఇళ్ళకు మెట్లు వేసుకున్నారు. చొక్కా చెయ్యి చిరిగి పోగులైంది. స్తంభం మటుకు మిగిలింది. నేను ఆ దారిన పోయినప్పుడల్లా బస్సులో రెండో పక్క కూర్చునేవాణ్ణి. అయినా కనబడేది.

నేనూ కట్టడాల పనిలోకే వచ్చాను. వేలూరులో చిన్న కాంట్రాక్టరునయ్యాను. ముదలాళి కొడుకులు ఆ నేలను ఇళ్ళ ప్లాట్లకు అమ్మేశారనీ, అంచున బంగళా ఒక్కటే మిగిలిందనీ, ముదలాళి అందులో ఒక నర్సమ్మతో ఉన్నాడనీ తెలిసిన రోజు నాకు ఆకలి బాగా వేసింది. నవ్వులాటకు అనడం లేదు, నిజంగానే రెండు భోజనాలు తిన్నాను. నేలకొసన, బంగళా వసారాకు ఎదురుగా లేచే మొదటి ఇంటి పని మిగతావాళ్ళు అడగడానికి భయపడేంత తక్కువకు నేను ఒప్పుకున్నాను. నాకు కావలసింది ఇల్లు కాదు. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ పెట్టుకోవద్దని మా దేశంలో ఎవరూ అనలేరు.

ఆ బొమ్మను నేనే చేశాను. పునాది తీసిన రోజే నిలబెట్టాను. తెల్ల చొక్కా, పొడుగు చేతులది, కొత్తది కొన్నాను. వేలూరు బజారులో నల్ల కళ్ళద్దాలూ టోపీ కొన్నాను, ముదలాళి ఆ రోజుల్లో పెట్టుకునేలాంటివి. కుండ మీద ఆయన మీసం గీశాను. చేతులు రెండు పక్కలకూ చాపి, మొహం వసారా వైపు తిప్పాను. పనివాళ్ళు కొత్తవాళ్ళు, వాళ్ళకేమీ తెలియదు. బొమ్మ బాగుందన్నారు. నేను దాని కింద కుర్చీ వేసుకుని వసారా వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన అడుగుతాడు, ఏమిటిది, ఎవరు పెట్టమన్నారు అని. అప్పుడు చెప్పాలని ఒక మాట చిన్నప్పటి నుంచీ నోట్లో పెట్టుకుని ఉన్నాను. రేపు నువ్వే నిలబడు.

చక్రాల కుర్చీలో ఒక ముసలాయనను రోజూ వసారాలోకి తెచ్చేవాళ్ళు. ఆయన చూసేవాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని మరీ చూసేవాడు. ఇప్పుడు అడుగుతాడని నేను కుర్చీలో ముందుకు జరిగేవాణ్ణి. కొన్నాళ్ళకు నర్సమ్మ వచ్చింది. తిరువలం ఆమె, మా తెలుగే.

"అన్నా, ఆ బొమ్మను ఒక రవ్వ పక్కకు తిప్పేస్తావా? అయ్యగారు మనిషనుకుంటా ఉండాడు. ఎండలో నిలబడినాడు, నీడకు పిలవమని నా ప్రాణం తీస్తా ఉండాడు."

కళ్ళు సరిగా కనబడవట. జ్ఞాపకం కూడా పాతదే తప్ప కొత్తది నిలవదట. నాకు ఒళ్ళు మండింది. అన్నేళ్ళు కాచుకున్నది ఈ కళ్ళ కోసమా అనిపించింది. ఏ మనిషి అనుకుంటున్నాడని అడిగాను.

"ఎవురో మేస్త్రంట. ప్లేను దిగిపొయ్యింది, ఇంక వచ్చెయ్యమను అంటాడు. ఆ మేస్త్రి వస్తే గానీ తిననని అన్నం తట్ట తోసేస్తాడు. ఎవురన్నా ఆ మేస్త్రి?"

తెలియదన్నాను. ఇల్లు పూర్తయ్యేదాకా బొమ్మను కదిలించే ఆచారం లేదని చెప్పాను. ఆమె వెళ్ళిపోయింది.

ఇక్కడ ఏ మంచి మనిషైనా బొమ్మను దించడానికి నిచ్చెన తెప్పించి ఉండేవాడు. నేను తాపీ మేస్త్రీలను పిలిచి ఇంకో పనికి పంపేశాను. ఇంటి పని నెమ్మదించింది. ఇల్లు ఎంత ఆలస్యమైతే బొమ్మ అంత కాలం ఉంటుంది. ఆ ఇల్లు కట్టించుకుంటున్నావిడ ఫోను చేస్తే ఇసక దొరకడం లేదన్నాను. గాలి ఇటు వీచినప్పుడు వసారాలోంచి గొంతు వినబడేది. "మేస్త్రీ, పోదుం, వా." చాలు, వచ్చెయ్ అని. ముసలి గొంతు, మధ్యలో దగ్గు. పొద్దున పిలిచేవాడు, భోజనం ముందు పిలిచేవాడు, కుర్చీ లోపలికి తోసుకుపోతుంటే వెనక్కి తిరిగి పిలిచేవాడు. నేను కింద కూర్చుని టీ తాగుతూ వినేవాణ్ణి. ఆ టీ రుచి ఎలా ఉండేదో నేను అబద్ధం చెప్పను. చాలా బాగుండేది. పిలువు, బాగా పిలువు, రాడు అనుకునేవాణ్ణి. ఆయన ఎముకలు చొక్కాలోంచి కనబడుతున్నాయని తెలిసినా ఆ కుర్చీలోంచి లేవలేదు.

నా ఆనందం నా ఒక్కడికే సరిపోలేదు. నాయనకు చూపించాలనిపించింది. నాయన విరించిపురంలో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఏమీ చెప్పకుండా ఒక పని చూద్దువుగాని రమ్మని కారులో తీసుకొచ్చాను. టీకొట్టు దగ్గర దిగగానే, బెంచీ మీది ముసలాయన ఒకడు కళ్ళు చిట్లించి, బొమ్మ మేస్త్రి వచ్చినాడు రా అన్నాడు. చెడ్డగా అనలేదు, పాత స్నేహితుణ్ణి పిలిచినట్టే అన్నాడు. కానీ నా కింద పని చేసే పిల్లలు ఇద్దరు అక్కడ టీ తాగుతున్నారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు నవ్వు ఆపుకోవడానికి గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. నేను బొమ్మ పెట్టిన దగ్గర్నుంచీ ఆ టీకొట్టులో పాత కథ మళ్ళీ మొదలైంది. చచ్చిపోయిందనుకున్న పేరును నేనే లేపాను. ఆ కథలో జనానికి గుర్తున్నది ముదలాళి కాదు.

నాయన ఏమీ విననట్టే నడిచాడు. మిగిలిన గరిక మీదికి రాగానే చెప్పులు విడిచాడు. కష్టపడి వంగి, గరిక పాయలు తీసి నేలను వేళ్ళతో నొక్కి చూశాడు. ముందు రోజు వాన పడింది. "నీళ్ళు యాడా నిలవలేదు చూడు" అన్నాడు. ఆ మాటలో ఉన్న సంతోషం నాకు నచ్చలేదు. భుజం పట్టుకుని బొమ్మ వైపు తిప్పాను.

ఆయన తలెత్తి చూశాడు.

"ఎవురప్పా అది?"

"ముదలాళి, నాయనా. నేనే చేసినా."

"టోపీ ఆయనదే. చేతులు నావి."

 నాయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, ఉన్నా కనబడలేదు.

"ఈ ఊర్లో చేతులు చాపుకోని నిలబడింది నేనొక్కణ్ణే. ఆ బొమ్మను చూసినోళ్ళకు ఇంకెవురు గుర్తొస్తారు? ఆయన ఒక దినం నిలబెట్టినాడు. నువ్వు ఎన్ని దినాలుగా నిలబెట్టినావు?"

సరిగ్గా అప్పుడే వసారాలోంచి ఆ గొంతు వచ్చింది. మేస్త్రీ, పోదుం, వా. నాయన అటు తిరిగి విన్నాడు. గొంతు గుర్తుపట్టాడని ఆయన మెడ చూస్తే తెలిసింది. దగ్గు ఆగేదాకా ఉన్నాడు.

"ఇప్పటికి చెప్పినాడు" అని, నాతో, "దించు" అన్నాడు.

నేను నిచ్చెన వేసి ఎక్కాను. కట్లు విప్పుతూ పైనుంచే అడిగాను, ఆయన్ను క్షమించావా నాయనా అని. ఆ మాట అడిగినందుకు కూడా ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. క్షమించానంటే నాయన మీద కోపగించుకుందామని అడిగాను.

"లేదు" అన్నాడు నాయన. "అది నా పని. నీది కాదు."

ఆయన వసారా వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. చెప్పులు తొడుక్కుని కారు దగ్గరికి పోయాడు. నేను చొక్కాలోంచి గడ్డి లాగి కుప్ప పోశాను. చాపిన చెయ్యి కర్ర నుంచి ఊడి మెత్తగా నా మెడ మీద పడింది.

బొమ్మ దిగాక ముసలాయన పిలవడం మానేశాడనీ, మేస్త్రి ఇంటికి పోయాడా అని ఒకసారి అడిగి అన్నం తిన్నాడనీ నర్సమ్మ తర్వాత చెప్పింది. నేను తాపీ మేస్త్రీలను వెనక్కి పిలిచి, ఇల్లు గబగబా పూర్తి చేసి ఇచ్చాను. ఆ ఇంటికి దిష్టి కోసం ఒట్టి గుమ్మడికాయ కట్టాను. వానాకాలం పోకముందే ముదలాళి పోయాడు. ఆ వార్త విన్నప్పుడు సంతోషం వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను. రాలేదు. ఏడుపూ రాలేదు. ఆయన మీద కోపం పోయిందని రాస్తే అందంగా ఉంటుంది గానీ పోలేదు. దాన్ని పెట్టుకునే హక్కు మాత్రం నాది కాదని తెలిసింది. మా నాయన అవమానం నాది అనుకున్నాను. బడిలో నేను పడ్డ సిగ్గు ఒక్కటే నాది. దానికి మందు నాయన చేతుల్లో వెతికాను, ఆయన్ను ఒక్క మాట అడగకుండా.

ఇప్పుడు అక్కడ గరిక లేదు, వీధి ఉంది. రెండు వైపులా ఇళ్ళు లేచాయి. వాన పడితే నీళ్ళు ఇప్పటికీ ఇరుపక్కలకూ పోతాయి. నేతగాళ్ళు వేరే చోటు వెతుక్కున్నారు.

బొమ్మను దించిన రోజు నాయనను కారులో మళ్ళీ విరించిపురం తీసుకెళ్ళాను.  వెనక సీట్లో టోపీ పడి ఉంది, ఎందుకు తెచ్చానో తెలియదు. ఇంటి ముందు దిగి, తలుపు వేయబోతూ నాయన దాన్ని చూశాడు. చేతిలోకి తీసుకుని, లోపల వేళ్ళు పెట్టి వెడల్పు కొలిచాడు.

"చిన్నది తెచ్చినావు. ఆయన తల పెద్దది."

టోపీని మళ్ళీ సీటు మీద పెట్టి, తలుపు మెల్లగా వేసి, లోపలికి వెళ్ళిపోయాడు.